కణాల పెరుగుదలను లెక్కించడం: ఊపిరితిత్తుల క్యాన్సర్ నిర్ధారణలో కణ వృద్ధి సూచికల చరిత్ర

6.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

- కణ విభజనను లెక్కించే పద్ధతులు 19వ శతాబ్దం నుంచి నేటి వరకు ఎలా మారాయో వివరించగలరు.
- కీ-67 అనే సూచికను ఎక్కడ, ఎలా కనుగొన్నారో చెప్పగలరు.
- ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈ సూచిక ఏ ప్రశ్నకు జవాబిస్తుందో, ఏ ప్రశ్నకు జవాబివ్వదో తెలుసుకుంటారు.
- ఒక శాస్త్రీయ ఆవిష్కరణ జరిగిన కాలానికీ, అది సామాన్యునికి అందిన కాలానికీ ఉన్న తేడాను హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల ఉదాహరణతో చర్చించగలరు.

6.1 పరిచయం

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకే రైలుమార్గం మీద ఉన్న మూడు ఊళ్ళు. గుంతకల్లు వైపు నుంచి వచ్చే రైలు ఈ మూడింటినీ వరుసగా దాటి కర్ణాటకలో ప్రవేశించి బెంగళూరు చేరుతుంది. 2022 ఏప్రిల్ 4 వరకు ఇవి అనంతపురం జిల్లాలో ఉండేవి. ఆనాటి నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. ధర్మవరం అనగానే పట్టుచీరలు, పెనుకొండ అనగానే విజయనగర రాజుల కోట, హిందూపురం అనగానే బెల్లం, చింతపండు, పట్టుగూళ్ళ వ్యాపారం మనకు గుర్తుకు వస్తాయి. కణశాస్త్ర చరిత్ర అనగానే ఈ ఊళ్ళు ఎవరికీ గుర్తుకు రావు.

అయినా ఆ చరిత్ర ఈ ఊళ్ళ దాకా వచ్చింది. ఊపిరితిత్తిలో గడ్డ ఉందని తేలి, ముక్క పరీక్ష, అంటే బయాప్సీ చేయించుకున్న వ్యక్తి రిపోర్టులో కొన్నిసార్లు "కీ-67" అనే పేరు, దాని పక్కన ఒక శాతం కనిపిస్తాయి. ఇంటివారు ఆ సంఖ్యను చూసి భయపడతారు. 80 అంటే ఎక్కువా? 3 అంటే ప్రమాదం తప్పినట్లా? ఆ సంఖ్య వెనుక వంద సంవత్సరాలకు పైబడిన చరిత్ర ఉంది.

ఈ చరిత్రను చదివేటప్పుడు రెండు ప్రశ్నలను వేరువేరుగా ఉంచుకోండి. మొదటిది: దీనిని ఎప్పుడు కనుగొన్నారు? రెండవది: ఇది మన ఊరివారికి ఎప్పుడు అందుబాటులోకి వచ్చింది? పాఠ్యగ్రంథాలు సాధారణంగా మొదటి ప్రశ్నకే జవాబిస్తాయి. ఈ భాగంలో రెండవ ప్రశ్నకు కూడా అంతే ప్రాధాన్యం ఇస్తున్నాం.

6.2 కణ విభజనను కంటితో చూసిన కాలం

జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో 1858లో తన కణ రోగశాస్త్ర గ్రంథాన్ని ప్రచురించాడు. ప్రతి కణం మరొక కణం నుంచే పుడుతుందనీ, రోగాలకు మూలం కణాల్లోనే వెతకాలనీ ఆయన వాదించాడు. దీనితో క్యాన్సర్ గడ్డ అంటే బయటినుంచి వచ్చి చేరిన పదార్థం కాదు, అదుపు తప్పి పెరిగిన సొంత కణాల గుంపు అనే అవగాహన బలపడింది.

ఉత్తర జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వాల్తర్ ఫ్లెమింగ్ కణాలకు రంగులు వేసి, కేంద్రకంలో దారాల వంటి నిర్మాణాలు ఏర్పడి, రెండు భాగాలుగా విడిపోవడాన్ని గమనించాడు. 1882లో ప్రచురించిన గ్రంథంలో ఈ ప్రక్రియకు మైటోసిస్ అని పేరు పెట్టాడు. తెలుగులో దీనిని సమవిభజన అంటున్నాం. కీల్ అనే పేరును గుర్తుంచుకోండి. వంద సంవత్సరాల తరువాత ఇదే నగరానికి మళ్ళీ రావలసి ఉంటుంది.

విర్కో శిష్యుడు డేవిడ్ ఫాన్ హాన్సెమన్ 1890లో క్యాన్సర్ గడ్డల్లో సమవిభజన క్రమం తప్పి జరుగుతోందని చూపాడు. అప్పటినుంచి సూక్ష్మదర్శిని కింద విభజన చెందుతున్న కణాలను లెక్కపెట్టడం రోగనిర్ధారణలో ఒక భాగమైంది. కణ వృద్ధిని కొలిచే మొదటి పద్ధతి ఇదే. నేటికీ ఇది వాడుకలో ఉంది.

ఆ రోజుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ చాలా అరుదైన వ్యాధి. 1912లో న్యూయార్కు వైద్యుడు ఐజాక్ ఆడ్లర్ ప్రపంచ వైద్య సాహిత్యమంతా గాలించి 374 కేసులను మాత్రమే సేకరించగలిగాడు. సిగరెట్ వాడకం పెరిగిన తరువాత పరిస్థితి పూర్తిగా మారింది. 1926లో లండన్‌లో బార్నార్డ్ ఛాతీ మధ్యభాగంలో కనిపించే ఒక రకం గడ్డ నిజానికి ఊపిరితిత్తిలోనే పుడుతుందని నిరూపించాడు. దానినే ఇప్పుడు చిన్నకణ క్యాన్సర్ అంటున్నాం. 1950లో బ్రిటన్‌లో డాల్, హిల్, అమెరికాలో విండర్, గ్రాహమ్ ప్రచురించిన అధ్యయనాలు పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని స్థిరపరచాయి. మన ప్రాంతంలో సిగరెట్ కంటే ఎక్కువగా కనిపించే బీడీకి కూడా ఇదే వర్తిస్తుందని తరువాత భారతదేశంలో జరిగిన అధ్యయనాలు చూపాయి.

కంటితో లెక్కపెట్టే పద్ధతిలో ఒక లోపం ఉంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. ధర్మవరంలోని ఒక వీధిలో ఎన్ని మగ్గాలకు పని ఉందో తెలుసుకోవాలి. నేత పూర్తయిన చీరను మగ్గం నుంచి కోసి తీస్తున్న ఇళ్ళను మాత్రమే లెక్కపెట్టారనుకోండి. మీకు దొరికే సంఖ్య చాలా చిన్నదిగా ఉంటుంది. చీర కోయడం నిమిషాల పని, నేయడం రోజుల పని. అలాగే మానవ కణం ఒకసారి విభజన చెందడానికి సుమారు ఒక రోజు పడితే, అందులో కంటికి కనిపించే సమవిభజన సుమారు ఒక గంట మాత్రమే. మిగిలిన సమయమంతా కణం పనిలో ఉన్నా చూసేవారికి తీరికగా ఉన్నట్లే కనిపిస్తుంది.

6.3 కణచక్రం: కనిపించని పనిని పట్టుకోవడం

కనిపించని ఆ పనిని మొదట పట్టుకున్నది చిక్కుడు జాతి మొక్క వేరులో. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో అల్మా హోవర్డ్, స్టీఫెన్ పెల్క్ రేడియోధార్మిక భాస్వరాన్ని వేరు కణాలకు అందించి, అవి డి.ఎన్.ఏ.ను ఏ సమయంలో తయారు చేసుకుంటాయో కనిపెట్టారు. 1953లో వారు కణ జీవితాన్ని నాలుగు దశలుగా విభజించారు.

1. జి1 దశ: కణం విభజనకు సిద్ధపడే దశ.
2. ఎస్ దశ: డి.ఎన్.ఏ. రెట్టింపయ్యే దశ.
3. జి2 దశ: విభజనకు ముందు విరామం.
4. ఎం దశ: కంటికి కనిపించే సమవిభజన.

ఈ వలయాన్ని కణచక్రం అంటారు. చక్రం నుంచి బయటికి వచ్చి విశ్రాంతి తీసుకుంటున్న కణాలు జి-సున్నా దశలో ఉన్నాయని తరువాతి శాస్త్రవేత్తలు పేర్కొన్నారు.

1957లో టేలర్, వుడ్స్, హ్యూస్ థైమిడిన్ అనే పదార్థానికి రేడియోధార్మిక హైడ్రోజన్‌ను జోడించి వాడారు. థైమిడిన్ డి.ఎన్.ఏ.లో మాత్రమే చేరుతుంది. కాబట్టి దానిని పీల్చుకున్న కణం ఎస్ దశలో ఉన్నట్లు లెక్క. గడ్డలోని కణాల్లో ఎన్ని శాతం థైమిడిన్‌ను తీసుకున్నాయో లెక్కించడం దీనితో సాధ్యమైంది.

పద్ధతి గొప్పదే. కాని దీనికి కణజాలం ఇంకా జీవించి ఉండాలి. రేడియోధార్మిక పదార్థం, దానిని వాడే అనుమతి, ఫలితం కోసం రోజుల తరబడి ఎదురుచూసే ఓపిక కావాలి. ఇది పరిశోధనశాలల పద్ధతిగానే మిగిలింది. పెనుకొండ నుంచి బయలుదేరిన రోగికి దీనితో పని పడలేదు.

6.4 అదే తలుపు దగ్గర ఒక తెలుగువాడు

థైమిడిన్ కథలో మరో వైపు యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. ఆయన 1895లో భీమవరంలో జన్మించారు. మద్రాసులో వైద్యవిద్య పూర్తిచేసి 1923లో అమెరికా వెళ్ళారు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. 1940లో లెడర్లీ పరిశోధనశాలలో చేరారు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. ఆ తరువాత దానిని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులను తయారు చేసింది.

కణం తనకు కావలసిన థైమిడిన్ అంశాన్ని తయారు చేసుకోవాలంటే ఫోలిక్ ఆమ్లం అవసరం. దానిని అడ్డుకుంటే ఎస్ దశ ఆగిపోతుంది. వేగంగా విభజన చెందే కణాలకే మొదట దెబ్బ తగులుతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఈ మందును రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి తాత్కాలికంగానైనా మెరుగుదల కలిగిందని 1948లో ప్రకటించాడు. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో మరణించారు.

ఈ మందుల కుటుంబానికి చెందినదే పెమెట్రెక్సెడ్. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ టేలర్ పరిశోధన నుంచి పుట్టిన ఈ మందుకు 2004లో అమెరికాలో అనుమతి లభించింది. కొన్ని రకాల ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు దీనిని నేటికీ వాడుతున్నారు. అంటే కణ వృద్ధిని కొలవడం, కణ వృద్ధిని ఆపడం అనే రెండు ప్రయత్నాలూ ఒకే రసాయనిక ద్వారం దగ్గర మొదలయ్యాయి.

*మీ అభ్యసన ప్రగతిని సమీక్షించుకోండి - 1*
అ) కంటితో సమవిభజనలను లెక్కపెట్టే పద్ధతిలోని ప్రధాన లోపం ఏమిటి?
ఆ) థైమిడిన్ పద్ధతి సాధారణ ఆసుపత్రులకు ఎందుకు చేరలేదు?

6.5 కీల్ నగరంలో 67వ గుంట

1975లో ఇంగ్లండులో కోలర్, మిల్‌స్టైన్ ఒకే ప్రతిజనకాన్ని గుర్తించే ప్రతిదేహాలను కోరినంత పరిమాణంలో తయారు చేసే పద్ధతిని కనుగొన్నారు. వీటిని మోనోక్లోనల్ ప్రతిదేహాలు అంటారు. 1984లో వారికి నోబెల్ బహుమతి లభించింది. ఈ పద్ధతి అందుబాటులోకి రాగానే క్యాన్సర్ కణాలను మాత్రమే గుర్తుపట్టే ప్రతిదేహం కోసం ఎన్నో బృందాలు వెతకసాగాయి.

ఫ్లెమింగ్ పనిచేసిన కీల్ విశ్వవిద్యాలయంలోనే యోహానెస్ గెర్డెస్, ఉల్రిక్ ష్వాబ్, హిల్మార్ లెమ్కె, హరాల్డ్ స్టైన్ అనే నలుగురు హాడ్జ్‌కిన్ వ్యాధి కణాలతో ఈ ప్రయత్నం చేశారు. ప్రయోగానికి వాడే పళ్ళెంలో 96 చిన్న గుంటలు ఉంటాయి. అందులో 67వ గుంటలోని ప్రతిదేహం వారు కోరుకున్నట్లు ప్రవర్తించలేదు. హాడ్జ్‌కిన్ కణాలనే కాక, విభజన చెందుతున్న ప్రతి కణం కేంద్రకాన్నీ అది గుర్తుపట్టింది. విశ్రాంతిలో ఉన్న కణాలను వదిలేసింది. 1983లో దీనిని ప్రచురించారు. నగరం పేరులోని మొదటి అక్షరాలు, గుంట సంఖ్య కలిపి దీనికి కీ-67 అని పేరు పెట్టారు.

మరుసటి సంవత్సరం జరిపిన ప్రయోగాల్లో దీని విలువ స్పష్టమైంది. జి1, ఎస్, జి2, ఎం దశలన్నింటిలోనూ కీ-67 కనిపిస్తుంది. జి-సున్నా దశలో కనిపించదు. మన ఉదాహరణలోకి వస్తే, చీర కోస్తున్న మగ్గాలనే కాదు, నేత నడుస్తున్న మగ్గాలన్నింటినీ లెక్కపెట్టగలిగే సాధనం ఇది.

ఇదే కాలంలో మరికొన్ని సూచికలు కూడా వచ్చాయి.

- *పి.సి.ఎన్.ఏ.:* ల్యూపస్ రోగుల రక్తంలోని ప్రతిదేహాల ద్వారా 1978లో గుర్తించారు. డి.ఎన్.ఏ. తయారీలో ఇది సహాయపడుతుంది. డి.ఎన్.ఏ. మరమ్మతులో కూడా పాల్గొంటుంది కాబట్టి విభజన చెందని కణాల్లోనూ కొన్నిసార్లు కనిపిస్తుంది.
- *వెండి రంగు పద్ధతి:* కేంద్రకాంశంలోని కొన్ని ప్రాంతాలు వెండి లవణంతో నల్లని చుక్కలుగా కనిపిస్తాయి. ప్లోటన్ బృందం 1986లో దీనిని సులభతరం చేసింది. ఖరీదైన ప్రతిదేహాలు అవసరం లేదు కాబట్టి మన దేశంలోని వైద్య కళాశాలల్లో పరిశోధన విద్యార్థులు దీనిని విరివిగా వాడారు. చుక్కలను లెక్కపెట్టడంలో ఒకరికీ మరొకరికీ తేడా రావడం దీనిలోని చిక్కు.

6.6 ఘనీభవించిన ముక్క నుంచి మైనపు దిమ్మకు

1983లో కనుగొన్న కీ-67 ప్రతిదేహం తాజా కణజాలాన్ని వెంటనే గడ్డకట్టించి కోసిన ముక్కల మీద మాత్రమే పనిచేసేది. అంటే శస్త్రచికిత్స జరిగే చోటే అతిశీతల పరికరాలు ఉండాలి. ముక్కను కరగకుండా నిలవ చేయాలి. పెద్ద నగరాల్లోని కొన్ని సంస్థలకు తప్ప ఇది సాధ్యం కాదు.

ప్రపంచంలో ఎక్కువ చోట్ల కణజాలాన్ని భద్రపరిచే పద్ధతి వేరు. ముక్కను ఫార్మలిన్‌లో ఉంచుతారు. తరువాత దానిని కరిగించిన మైనంలో పొదిగి దిమ్మగా చేస్తారు. ప్రయోగశాలల్లో దీనిని బ్లాక్ అంటారు. దీని నుంచి పలుచని పొరలు కోసి గాజు స్లైడు మీద పెట్టి రంగు వేస్తారు. ఫార్మలిన్ కణజాలాన్ని కుళ్ళకుండా కాపాడుతుంది. కాని ప్రోటీన్లను ఒకదానితో ఒకటి బిగించివేస్తుంది. అందువల్ల మొదటి కీ-67 ప్రతిదేహానికి తన ప్రతిజనకం అందేది కాదు.

ఈ అడ్డంకి రెండు మెట్లలో తొలగింది. 1991లో అమెరికాలో షాన్-రాంగ్ షి బృందం, మైనపు పొరలను మైక్రోవేవ్ పొయ్యిలో ద్రావణంలో ఉంచి వేడిచేస్తే ఫార్మలిన్ బిగింపు సడలి ప్రతిజనకాలు తిరిగి బయటపడతాయని చూపింది. 1992లో కీ-67 ప్రోటీన్ భాగాలను ఉపయోగించి తయారు చేసిన మిబ్-1 అనే కొత్త ప్రతిదేహం, ఇలా వేడిచేసిన మైనపు పొరల మీద చక్కగా పనిచేస్తుందని కాటొరెట్టి, గెర్డెస్ తదితరులు ప్రకటించారు.

చరిత్ర పుస్తకాల్లో 1983కు ఉన్న ప్రాముఖ్యం 1992కు లేదు. కాని చిన్న ఊళ్ళ దృష్టితో చూస్తే 1992 మరింత ముఖ్యమైన సంవత్సరం. మైనపు దిమ్మకు మంచుపెట్టె అక్కర్లేదు. గది ఉష్ణోగ్రతలో ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది. చొక్కా జేబులో పట్టేంత చిన్నది. హిందూపురం నుంచి బస్సులోనో రైలులోనో సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు తీసుకుపోవచ్చు. రోగి మంచంలో ఉన్నా అతని దిమ్మ ప్రయాణం చేయగలదు. ఒకచోట ఇచ్చిన రిపోర్టు మీద సందేహం ఉంటే అదే దిమ్మ మీద మరోచోట మళ్ళీ పరీక్ష చేయించవచ్చు. ఆవిష్కరణను సామాన్యుని దగ్గరికి తెచ్చింది ఈ మార్పే.

6.7 ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈ లెక్క ఎందుకు?

ఊపిరితిత్తుల క్యాన్సర్లలో సుమారు 85 శాతం చిన్నకణేతర రకానివి, సుమారు 15 శాతం చిన్నకణ రకానివి. వీటితో పాటు కార్సినాయిడ్ అనే అరుదైన గడ్డలు ఉన్నాయి. కార్సినాయిడ్, చిన్నకణ క్యాన్సర్ రెండూ నాడీ-అంతస్స్రావ లక్షణాలున్న కణాల గడ్డలే. కాని వాటి నడవడికలో భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 వర్గీకరణ ఈ కుటుంబాన్ని సమవిభజనల లెక్క ఆధారంగా విడదీసింది. 2 చదరపు మిల్లీమీటర్ల విస్తీర్ణంలో:

- 2 కంటే తక్కువ సమవిభజనలు ఉండి, కణజాలం చచ్చిన చోటు లేకపోతే: సాధారణ కార్సినాయిడ్.
- 2 నుంచి 10 వరకు ఉంటే, లేదా అక్కడక్కడ కణజాలం చచ్చిపోయి ఉంటే: అసాధారణ కార్సినాయిడ్.
- 10 కంటే ఎక్కువ ఉంటే: చిన్నకణ క్యాన్సర్ లేదా పెద్దకణ నాడీ-అంతస్స్రావ క్యాన్సర్.

2021లో వెలువడిన అయిదవ సంచికలో కూడా రకాన్ని నిర్ణయించే ప్రధాన ఆధారం ఈ లెక్కే. జీర్ణనాళంలోని ఇలాంటి గడ్డలకు 2010 నుంచి కీ-67 శాతాన్ని గ్రేడు నిర్ణయించడానికి వాడుతున్నారు. ఊపిరితిత్తి విషయంలో అది సహాయక పాత్రలోనే ఉంది.

అయితే ఆ సహాయం ఒక సందర్భంలో ప్రాణాధారం అవుతుంది. శ్వాసనాళంలోకి గొట్టం పంపి తీసే ముక్క చాలా చిన్నది. జపాన్ వైద్యుడు షిగెటో ఇకెడా 1960ల చివరిలో వంగే బ్రాంకోస్కోపును వాడుకలోకి తెచ్చిన తరువాత ఇలాంటి ముక్కలే ఎక్కువయ్యాయి. చిమటా నోట్లో నలిగిన కణాలు ముదురు రంగులో, సాగిపోయి కనిపిస్తాయి. నలిగిన కార్సినాయిడ్ కణాలు చిన్నకణ క్యాన్సర్‌లాగా కనిపించే అవకాశం ఉంది. అంత చిన్న ముక్కలో 2 చదరపు మిల్లీమీటర్ల విస్తీర్ణం కూడా దొరకకపోవచ్చు. సమవిభజనలను లెక్కపెట్టడం అసాధ్యమవుతుంది.

నలిగిన కణాల్లో కూడా కీ-67 రంగు తరచు చదవదగినట్లే ఉంటుంది. చిన్నకణ క్యాన్సర్‌లో ఈ శాతం 50కి పైనే ఉంటుంది, ఎక్కువ కేసుల్లో 80 కూడా దాటుతుంది. సాధారణ కార్సినాయిడ్‌లో చాలావరకు 5 శాతం లోపు ఉంటుంది. ఇటలీలో పెలోసి బృందం 2005లో, కార్సినాయిడ్‌ను చిన్న ముక్కల్లో పొరపాటున చిన్నకణ క్యాన్సర్‌గా నిర్ధారించిన కేసులను పరిశీలించి, ఈ తప్పును పట్టుకోవడానికి కీ-67 ఉపయోగపడుతుందని చూపింది.

ఈ తేడా వల్ల రోగికి ఏమవుతుందో ఆలోచించండి. కార్సినాయిడ్‌కు ప్రధాన చికిత్స శస్త్రచికిత్స. గడ్డను పూర్తిగా తీసివేస్తే చాలామంది ఏళ్ళ తరబడి ఆరోగ్యంగా జీవిస్తారు. చిన్నకణ క్యాన్సర్‌కు ప్రధాన చికిత్స మందులు, రేడియేషన్. మొదటిదాన్ని రెండవదిగా భావిస్తే, కత్తితో నయం కావలసిన మనిషికి అవసరం లేని మందులు ఇచ్చి, ఆశ లేదని ఇంటికి పంపించే ప్రమాదం ఉంది. కార్సినాయిడ్ పొగతాగనివారిలో, చిన్న వయసువారిలో కూడా వస్తుందని గుర్తుంచుకుంటే ఈ ప్రమాదం ఎంత పెద్దదో అర్థమవుతుంది.

చిన్నకణేతర క్యాన్సర్‌లో కీ-67 ఎక్కువగా ఉంటే మొత్తం మీద ఫలితాలు అంత బాగుండవని అనేక అధ్యయనాలు సూచించాయి. కాని ఒక రోగికి ఏ మందు ఇవ్వాలో ఆ సంఖ్య చెప్పదు. ఆ పనిని ఇప్పుడు ఇ.జి.ఎఫ్.ఆర్., ఏ.ఎల్.కె. వంటి జన్యు పరీక్షలు చేస్తున్నాయి.

*మీ అభ్యసన ప్రగతిని సమీక్షించుకోండి - 2*
అ) మిబ్-1 ప్రతిదేహం వల్ల వచ్చిన ముఖ్యమైన మార్పు ఏమిటి?
ఆ) నలిగిన చిన్న ముక్కలో కీ-67 ఏ పొరపాటును నివారించగలదు?

6.8 మూడు ఊళ్ళు, ఒక దారి

రాయలసీమలో ఛాతీ వైద్యం చాలాకాలం క్షయవ్యాధి చుట్టూ తిరిగింది. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానటోరియం ప్రారంభమైంది. దక్షిణ భారతదేశమంతటి నుంచి రోగులు అక్కడికి వచ్చేవారు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే ముందుగా క్షయ అనుకోవడం సహజమైంది. క్షయ ఎక్కువగా ఉన్న ప్రాంతంలో అది తప్పు కాదు కూడా. కాని ఊపిరితిత్తుల క్యాన్సర్ లక్షణాలూ ఇవే. క్షయ మందులు వాడుతూ నెలలు గడిచాక క్యాన్సర్ బయటపడడం మన దేశంలో వైద్యులు తరచుగా ప్రస్తావించే సమస్య. అందుకే కణ వృద్ధి సూచికకు ముందు మరో మెట్టు ఉంది. ముక్క పరీక్ష చేయాలన్న ఆలోచన సకాలంలో రావాలి.

ఆ ముక్కను పరీక్షించే సంస్థలు ఈ మూడు ఊళ్ళకు దూరంగానే ఏర్పడ్డాయి. హైదరాబాదులో 1955లో మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి, బెంగళూరులో 1973లో కిద్వాయ్ సంస్థ వచ్చాయి. అనంతపురంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2000లో ప్రారంభమైంది. హిందూపురం వారికి హైదరాబాదు కంటే బెంగళూరు ఎంతో దగ్గర. రాష్ట్ర సరిహద్దు మధ్యలో ఉన్నా రోగులు రైలుదారినే అనుసరించారు.

దీనివల్ల చరిత్రకారునికి ఒక చిక్కు ఎదురవుతుంది. భారత వైద్య పరిశోధన మండలి 1981లో జాతీయ క్యాన్సర్ నమోదు కార్యక్రమాన్ని ప్రారంభించినప్పుడు బెంగళూరు తొలి కేంద్రాల్లో ఒకటి. జనాభా ఆధారిత నమోదులో ఆ నగర నివాసులనే లెక్కిస్తారు. బయటినుంచి వచ్చినవారు ఆసుపత్రి నమోదులో మాత్రమే చేరతారు. కాబట్టి బెంగళూరులో చికిత్స పొందిన ధర్మవరం నేతకారుడు ఆ నగరపు క్యాన్సర్ రేటులో కనిపించడు. ఒక ప్రాంతం గణాంకాల్లో కనిపించకపోతే అక్కడ వ్యాధి లేదని కాదు. లెక్కించే ఏర్పాటు ఎక్కడ ఉందో చూడాలని మాత్రమే దాని అర్థం.

ఖర్చు రెండవ అడ్డంకి. 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. మిగిలినవి మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. క్యాన్సర్ చికిత్స ఈ పథకంలో చేరింది. 2019 నవంబరు నుంచి బెంగళూరు, హైదరాబాదు, చెన్నైలలోని ఎంపిక చేసిన ఆసుపత్రులకు కూడా దీనిని విస్తరించారు. అంటే రోగులు ఎంతోకాలంగా నడిచిన దారిని ప్రభుత్వ పథకం ఆలస్యంగా గుర్తించింది.

6.9 సంఖ్యను చదివేటప్పుడు జాగ్రత్తలు

మైనపు దిమ్మ ప్రయాణం చేయగలదని చెప్పుకున్నాం. కాని ఆ ప్రయాణం మొదలయ్యే చోట జరిగిన పొరపాటును గమ్యస్థానంలోని ఏ యంత్రమూ సరిదిద్దలేదు. ఈ విషయాలను గుర్తుంచుకోండి.

*మొదటిది,* తీసిన ముక్కను ఆలస్యం చేయకుండా, తగినంత పరిమాణంలో ఉన్న 10 శాతం తటస్థ ఫార్మలిన్‌లో వేయాలి. ముక్క ఎండిపోయినా, ఉప్పునీటిలో గంటల తరబడి ఉండిపోయినా కీ-67 రంగు బలహీనపడవచ్చు. ఎక్కువగా విభజన చెందే గడ్డ తక్కువ శాతం చూపవచ్చు.

*రెండవది,* కీ-67 క్యాన్సర్‌ను గుర్తించే పరీక్ష కాదు. కణం చక్రంలో ఉందా లేదా అన్నదే అది చెబుతుంది. క్షయ వల్ల వాచిన కణజాలంలోని లింఫు కణాలు కూడా విభజన చెందుతాయి, వాటికీ రంగు పడుతుంది. లెక్కపెట్టవలసినవి ఏ కణాలో పాథాలజిస్టు ముందుగా నిర్ణయించాలి.

*మూడవది,* గడ్డ అంతటా శాతం ఒకేలా ఉండదు. ఎక్కువ రంగు పడిన చోట లెక్కించారా, సగటు తీశారా అన్నదాన్ని బట్టి సంఖ్య మారుతుంది. 3 శాతానికీ 80 శాతానికీ ఉన్న తేడా నమ్మదగినది. 14కూ 18కీ మధ్య తేడా మీద పెద్ద నిర్ణయాలు ఆధారపడకూడదు.

*నాలుగవది,* సూచికను వాడడం, దానిని అర్థం చేసుకోవడం ఒకటి కాదు. కీ-67 ప్రోటీన్ కణంలో చేసే పని గురించి 2016లో వియన్నా శాస్త్రవేత్తలు ఒక ముఖ్యమైన విషయం కనుగొన్నారు. విభజన సమయంలో క్రోమోసోములు ఒకదానికొకటి అతుక్కోకుండా వాటి ఉపరితలాన్ని అది కాపాడుతుంది. అప్పటికి దాని పేరు రిపోర్టుల్లోకి ఎక్కి మూడు దశాబ్దాలు దాటింది.

మీకు తెలిసినవారి రిపోర్టులో ఈ సంఖ్య కనిపిస్తే, అది ఒక్కటే చూసి నిర్ణయానికి రాకండి. గడ్డ రకం ఏమిటి, ముక్క తగినంత ఉందా, ఆ సంఖ్య ఏ ప్రశ్నకు జవాబుగా వేశారు అని వైద్యులను అడగండి. దిమ్మనూ, స్లైడులనూ భద్రపరచమని కోరండి. రెండవ అభిప్రాయం తీసుకోవలసి వస్తే రిపోర్టు కాగితం కంటే ఆ దిమ్మే విలువైనది.

6.10 సారాంశం

కణ వృద్ధిని లెక్కించే ప్రయత్నం 19వ శతాబ్దంలో సమవిభజనను కంటితో చూడడంతో మొదలైంది. 1953లో కణచక్రాన్ని, 1957లో థైమిడిన్ పద్ధతిని రూపొందించడంతో కనిపించని దశలు కూడా లెక్కలోకి వచ్చాయి. 1983లో కీల్‌లో కనుగొన్న కీ-67 విభజన చక్రంలో ఉన్న కణాలన్నింటినీ చూపింది. 1992లో అది మైనపు పొరల మీద పనిచేయడం మొదలైన తరువాతనే పెద్ద నగరాలకు దూరంగా ఉన్న రోగులకు ఉపయోగపడే అవకాశం ఏర్పడింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో దీని ముఖ్య ఉపయోగం, చిన్న ముక్కల్లో కార్సినాయిడ్‌ను చిన్నకణ క్యాన్సర్‌గా పొరబడకుండా కాపాడడం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఉదాహరణ చూపేది ఏమిటంటే, పరీక్ష విలువ ప్రయోగశాలలోనే కాదు, ముక్కను ఫార్మలిన్‌లో వేసిన క్షణంలోనూ, దిమ్మ ప్రయాణించిన దారిలోనూ, ఖర్చు భరించిన పథకంలోనూ ఉంటుంది.

6.11 ముఖ్యపదాలు

*కణచక్రం:* కణం ఒక విభజన నుంచి మరొక విభజన వరకు దాటే దశల వరుస.
*సమవిభజన:* ఒక కణం రెండు సమాన కణాలుగా విడిపోయే, సూక్ష్మదర్శినిలో కనిపించే దశ.
*ప్రతిదేహం:* ఒక నిర్దిష్ట ప్రతిజనకాన్ని గుర్తించి అంటుకునే ప్రోటీన్.
*మైనపు దిమ్మ:* ఫార్మలిన్‌లో ఉంచిన కణజాలాన్ని మైనంలో పొదిగి భద్రపరిచిన బ్లాక్.
*కార్సినాయిడ్:* నెమ్మదిగా పెరిగే నాడీ-అంతస్స్రావ గడ్డ.

6.12 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు సుమారు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. సమవిభజనల లెక్క నుంచి కీ-67 వరకు కణ వృద్ధి సూచికల పరిణామాన్ని వివరించండి.
2. "చిన్న ఊళ్ళ దృష్టిలో 1983 కంటే 1992 ముఖ్యమైనది." ఈ వాక్యాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సుమారు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. యల్లాప్రగడ సుబ్బారావు కృషికీ కణ విభజనకూ ఉన్న సంబంధాన్ని తెలపండి.
2. కార్సినాయిడ్‌కూ చిన్నకణ క్యాన్సర్‌కూ మధ్య తేడాను గుర్తించడం ఎందుకు ముఖ్యం?
3. కీ-67 శాతాన్ని చదివేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు ఏవి?
4. మీ సమీప పట్టణంలో ముక్క పరీక్షకు తీసిన కణజాలం ఏ దారిలో, ఎక్కడికి వెళుతుందో విచారించి ఒక పేరా రాయండి.